ముందు రోటర్ ఎక్కడుందో తెలియాలి

పులివెందుల తోటల్లో బోరు మోటార్లు దించే పని చేసేవాళ్లందరికీ ఒక సూత్రం కంఠతా వచ్చు. మూడు ఫేజులు కలిపి స్టార్టర్ నొక్కాక నీళ్లు సన్నగా వస్తున్నాయంటే పంపు ఎదురు తిరుగుతోందని అనుమానించాలి. "ఉల్టా తిరుగుతాందన్నా" అని కుర్రాడు కేక వేస్తాడు. "ఏం కాదులే, రెండు వైర్లు మార్చు, సరిపోతాది" అంటాడు మేస్త్రీ. ఏ రెండయినా ఫరవాలేదు. మార్చగానే పంపు సరైన దిక్కున తిరిగి చీనీ చెట్లకూ అరటికీ నీళ్లు పారతాయి.

ఇదే సూత్రాన్ని విద్యుత్ స్కూటరు చక్రంలోని హబ్ మోటారు మీద ప్రయోగించి చూడండి. దానికీ మూడు లావు తీగలే ఉంటాయి. రెండింటిని అటూ ఇటూ మార్చి యాక్సిలరేటర్ తిప్పితే చక్రం వెనక్కి తిరగదు. గరగరమంటూ వణుకుతుంది, లేదా బిగుసుకుపోయి మొరాయిస్తుంది. అలాగే పట్టుకుని ఉంటే మోటారు చుట్టలూ, వాటికి కరెంటు పంపే కంట్రోలరూ వేడెక్కి కాలిపోవచ్చు. పంపు దగ్గర ఎన్నడూ తప్పని సూత్రం బండి దగ్గర ఎందుకు తప్పింది? దీనికి జవాబు తెలిస్తే, సొంతంగా బండి కట్టాలనుకునేవారికి సగం విద్య వచ్చినట్టే.

ఎవరి వెంట ఎవరు?

బోరు మోటారు ఇండక్షన్ మోటారు. దాని రోటర్‌లో సొంత అయస్కాంతం ఉండదు. బయటి చుట్టల్లో పారే మూడు ఫేజుల కరెంటు ఒక తిరిగే అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది. ఆ క్షేత్రం రోటర్‌లో కరెంటును ప్రేరేపిస్తే రోటర్ తానూ అయస్కాంతంగా మారి దాని వెంట పరుగెడుతుంది. కరెంటు స్తంభం నుంచి వచ్చే 50 హెర్ట్జ్‌కు రెండు ధ్రువాల మోటారులో క్షేత్రం నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంది. రోటర్ కాస్త వెనకబడి 2850, 2900 చుట్ల దగ్గర నడుస్తుంది. అది మొదట ఎక్కడ ఆగి ఉందో ఎవరూ అడగనక్కర్లేదు. ఎక్కడున్నా దాని ధ్రువాలు అక్కడికక్కడే పుడతాయి.

బండి మోటారు వేరే కుటుంబానిది. దాని రోటర్ మీద శాశ్వత అయస్కాంతాలు అతికించి ఉంటాయి. ఉత్తర ధ్రువం ఎక్కడ, దక్షిణ ధ్రువం ఎక్కడ అన్నది కర్మాగారంలోనే నిర్ణయమైపోయింది. ఈ కుటుంబపు పెద్దలు మన జిల్లాలోనే ఉన్నారు. ముద్దనూరు దగ్గర రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రంలో 210 మెగావాట్ల యూనిట్లు అయిదు, 600 మెగావాట్లది ఒకటి, మొత్తం 1650 మెగావాట్ల సామర్థ్యం ఉంది. అక్కడి జనరేటర్ల రోటర్లు కూడా సొంత అయస్కాంత ధ్రువాలున్నవే. అయితే ఆ ధ్రువాలు కరెంటు పంపి తయారు చేసినవి. ఈ జాతి యంత్రాలను సింక్రనస్ యంత్రాలంటారు. క్షేత్రమూ రోటరూ అడుగు తప్పకుండా ఒకే వేగంతో తిరగాలి. అందుకే ఆ జనరేటరును ముందుగా ఆవిరితో 3000 చుట్ల వేగానికి తెచ్చి, గ్రిడ్‌తో లయ కుదిరాకే కలుపుతారు.

ఆగి ఉన్న అయస్కాంత రోటరును ఒక్కసారిగా 50 హెర్ట్జ్ కరెంటుకు కలిపితే, క్షేత్రం దాని పక్కనుంచి సెకనుకు 50 సార్లు దూసుకుపోతుంది. ఒక క్షణం ముందుకు లాగుతుంది, మరుక్షణం వెనక్కి లాగుతుంది. సగటున మిగిలేది సున్నా. రోటర్ కదలదు, వణుకుతుంది. ఫేజులు మార్చినప్పుడు మన హబ్ మోటారు పడ్డ అవస్థ దీనికి దగ్గరి చుట్టమే.

తేడా అంతా ఇక్కడుంది. పంపు మోటారులో కరెంటు ముందు నడుస్తుంది, రోటర్ వెంట వెళుతుంది. బండి మోటారులో రోటర్ ఎక్కడుందో చూసుకుని, దానికి తగ్గట్టు కరెంటు నడవాలి. పశువు ముందు పచ్చగడ్డి పట్టుకుని నడిపించేవాడు ఎప్పుడూ దాని మూతికి ఒకే దూరంలో ఉంటాడు. మరీ దగ్గరైతే అది ఆగి మేస్తుంది, మరీ దూరమైతే పట్టించుకోదు. కంట్రోలర్ పని కూడా అదే. అందుకు దానికి మొదట కావలసింది రోటర్ ఆచూకీ. ఫేజు తీగలు మార్చినవాడు, ఆచూకీ చెప్పే తీగలను పాత వరుసలోనే ఉంచాడు. కంట్రోలర్ ఒక చోట రోటర్ ఉందనుకుని మరో చోటికి కరెంటు పంపింది. మొరాయింపు అందుకే.

తొంభై డిగ్రీల లెక్క

రోటర్ అయస్కాంతపు దిశకూ, చుట్టల కరెంటు పుట్టించే క్షేత్రపు దిశకూ మధ్య 90 డిగ్రీలు ఉన్నప్పుడు ఆ కరెంటుకు దక్కే తిప్పుడు బలం, అంటే టార్క్, అత్యధికం. అయస్కాంతాలు రోటర్ పైన అతికించిన హబ్ మోటార్లకు ఇది నేరుగా వర్తిస్తుంది. అయస్కాంతాలు ఇనుము లోపల దాచిన కారు మోటార్లలో ఇనుము ఆకారం వల్ల అదనపు బలం వస్తుంది కాబట్టి కోణాన్ని 90కి కొంచెం పైన ఉంచుతారు. ఏ మోటారులోనైనా తాను పెట్టిన కోణం ఎంతో కంట్రోలరుకు కచ్చితంగా తెలియాలి.

కోణం తప్పితే నష్టం ఎంత? టార్క్ ఆ తప్పు కోణపు కొసైన్‌ను అనుసరిస్తుంది. 10 డిగ్రీలు తప్పితే నష్టం ఒకటిన్నర శాతం, గమనించలేం. 30 డిగ్రీలు తప్పితే 13 శాతానికి పైగా పోతుంది. 60 డిగ్రీలకు సగం పోతుంది. 90 డిగ్రీలకు టార్క్ సున్నా. అంతకు మించితే బండి వెనక్కి లాగుతుంది.

పోయిన టార్క్ కన్నా పుట్టే వేడి ఎక్కువ బాధిస్తుంది. 30 డిగ్రీల తప్పుతో అదే టార్క్ కావాలంటే 15 శాతం ఎక్కువ కరెంటు పంపాలి. రాగి తీగలో వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి అది 33 శాతం పెరుగుతుంది. 60 డిగ్రీల తప్పుకు రెట్టింపు కరెంటు, నాలుగింతల వేడి. మే నెల మధ్యాహ్నం ప్రొద్దుటూరు రోడ్డు మీద నడిచే బండికి బయటి గాలే చల్లబరచే సాధనం. ఆ గాలే 43, 44 డిగ్రీల్లో ఉంటే చుట్టల్లో అనవసరంగా పుట్టే ప్రతి వాటూ మోటారు ఆయుష్షును తింటుంది. కాబట్టి రోటర్ ఆచూకీ చెప్పే సెన్సారును సరిగ్గా చదవడం మన ఎండలో బండి బతుకుకే సంబంధించిన విషయం.

ఒక చుట్టులో పదహారు చుట్లు

ఇప్పటిదాకా చెప్పిన డిగ్రీలు చక్రం తిరిగే డిగ్రీలు కావు. రోటర్ మీద ఒక ఉత్తర ధ్రువం నుంచి తర్వాతి ఉత్తర ధ్రువం దాకా ఉన్న దూరాన్ని 360 విద్యుత్ డిగ్రీలు అంటారు. స్కూటరు హబ్ మోటారులో 16 జతల ధ్రువాలు ఉంటే, చక్రం ఒక్కసారి తిరిగేసరికి విద్యుత్ కోణం 16 సార్లు తిరుగుతుంది. చక్రానికి ఒక డిగ్రీ, కంట్రోలరుకు 16 డిగ్రీలు.

దీని ఫలితం రిపేరు బల్ల మీద కనిపిస్తుంది. చుట్టలుండే భాగం, అంటే స్టేటర్, వ్యాసార్ధం 100 మిల్లీమీటర్లు అనుకుందాం. దాని అంచున ఒక డిగ్రీ అంటే దాదాపు ఒకటిముప్పావు మిల్లీమీటర్లు. కాలిన సెన్సారు తీసి కొత్తది అతికించేటప్పుడు అంత దూరం పక్కకు జరిగితే కంట్రోలర్ దృష్టిలో కోణం 16 డిగ్రీలు తప్పినట్టు. అందుకే పాత సెన్సారు కూర్చున్న గాడిని శుభ్రంగా గీకి, కొత్తదాన్ని సరిగ్గా ఆ లోతులోనే, అదే ముఖం బయటికి ఉండేలా కూర్చోబెట్టాలి.

బంగారు రేకులో పుట్టిన సెన్సార్

హబ్ మోటార్లలో రోటర్ ఆచూకీ చెప్పేవి హాల్ సెన్సార్లు. 1879 అక్టోబరులో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో ఎడ్విన్ హాల్ అనే పరిశోధక విద్యార్థి, కరెంటు పారే లోహపు రేకును బలమైన అయస్కాంత ధ్రువాల మధ్య ఉంచితే రేకు అడ్డంగా, ఒక అంచుకూ మరో అంచుకూ మధ్య చిన్న వోల్టేజీ పుడుతుందని కనుగొన్నాడు. మందమైన లోహంతో అంతకుముందు చేసిన ప్రయత్నం ఫలించలేదు. గురువు హెన్రీ రోలాండ్ సలహాతో గాజుపలక మీద అతికించిన బంగారు రేకు వాడాడు, ఫలితం దొరికింది. ప్రొద్దుటూరు బంగారం అంగళ్లలో పనిచేసేవాళ్లకు బంగారాన్ని ఎంత పలచగా సాగగొట్టవచ్చో వేరే చెప్పనక్కర్లేదు. ఆ పలచదనమే హాల్‌కు కలిసొచ్చింది. రేకు ఎంత పలచనైతే అడ్డంగా పుట్టే వోల్టేజీ అంత ఎక్కువ. కరెంటు మోసే కణాలు లోహాల్లో కన్నా అర్ధవాహకాల్లో చాలా తక్కువ కాబట్టి అక్కడ ఈ ప్రభావం ఇంకా బలంగా కనిపిస్తుంది. అందుకే నేటి సెన్సార్లు సిలికాన్‌తో చేసినవి.

మోటారులో మూడు హాల్ సెన్సార్లు ఉంటాయి. ఒక్కొక్కటి తన ముందు ఉన్న ధ్రువాన్ని బట్టి 1 లేదా 0 చెబుతుంది. ఇవి లాచ్ రకానివి అయి ఉండాలి. దక్షిణ ధ్రువం వస్తే ఒక స్థితికి మారి, ఉత్తర ధ్రువం వచ్చేదాకా అందులోనే నిలవాలి. కొనేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి. ఎలక్ట్రానిక్స్ అంగళ్లలో సులభంగా దొరికే 3144 రకం ఒక ధ్రువానికే స్పందిస్తుంది, అయస్కాంతం దూరమైతే చాలు ఆరిపోతుంది. దాన్ని పెడితే 1, 0 కాలాలు సమానంగా రావు. యూఎస్1881 వంటి లాచ్ రకం ఈ పనికి సరిపోతుంది.

మూడు సెన్సార్లనూ 120 విద్యుత్ డిగ్రీల దూరంలో అమరిస్తే, చక్రం తిరిగేటప్పుడు వచ్చే వరుస ఇది: 101, 100, 110, 010, 011, 001, మళ్లీ 101. ఒక్కో మెట్టుకు 60 డిగ్రీలు, ఆరు మెట్లకు 360. ప్రతి మెట్టు దగ్గరా ఒక్క అంకె మాత్రమే మారుతుంది. 000, 111 అనేవి ఈ అమరికలో ఎప్పుడూ రాకూడదు. వచ్చాయంటే ఏదో తీగ తెగింది, లేదా సెన్సారు పోయింది. కొన్ని మోటార్లలో సెన్సార్లను 60 డిగ్రీల దూరంలో అమరుస్తారు. అక్కడ 000, 111 సహజం, 101, 010 రాకూడనివి. కంట్రోలర్ ఏ అమరికను ఆశిస్తోందో ముందే తెలుసుకోవాలి.

ఇదంతా చూడటానికి మల్టీమీటరు ఒక్కటి చాలు. హాల్ కనెక్టరులో అయిదు తీగలుంటాయి. సాధారణంగా ఎరుపు 5 వోల్టులు, నలుపు గ్రౌండు, పసుపు, పచ్చ, నీలం మూడు సంకేతాలు. అయితే రంగులను గుడ్డిగా నమ్మరాదు, కొలిచి చూడాలి. కంట్రోలర్ నుంచి 5 వోల్టులు వస్తుండగా, మీటరు నల్ల ప్రోబు గ్రౌండు మీద, ఎర్రది పసుపు మీద పెట్టి చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పండి. సున్నా దగ్గరికీ అయిదు దగ్గరికీ మారుతూ పోవాలి. ఎప్పుడూ సున్నాలోనో, ఎప్పుడూ అయిదులోనో నిలిచిందంటే ఆ సెన్సారో, దాని తీగో పోయినట్టు. ఈ సెన్సార్లు సొంతంగా వోల్టేజీ ఇవ్వవు, తీగను గ్రౌండుకు లాగడం మాత్రమే చేయగలవు. పైకి లాగే రెసిస్టరు కంట్రోలరులో ఉంటుంది. విడి మోటారును బల్ల మీద పరీక్షించేటప్పుడు 5 వోల్టుల తీగకూ సంకేతపు తీగకూ మధ్య కొన్ని కిలో ఓముల రెసిస్టరు మనమే కలపాలి. అది మరిచిపోయి మంచి సెన్సారును చెడ్డదని పారేయకూడదు.

అదే పరీక్షలో మరో లెక్క కూడా దొరుకుతుంది. టైరు మీద సుద్దతో గుర్తు పెట్టి చక్రాన్ని ఒక పూర్తి చుట్టు తిప్పుతూ, పసుపు తీగ ఎన్నిసార్లు సున్నా నుంచి అయిదుకు ఎక్కిందో లెక్కపెట్టండి. అదే ధ్రువాల జతల సంఖ్య. మోటారు విప్పకుండానే దాని లోపలి అమరిక తెలిసిపోతుంది.

తీగల ముడి విప్పడం

పేరు తెలియని మోటారుకు పేరు తెలియని కంట్రోలర్ కలపాల్సి వస్తే మూడు ఫేజు తీగలను ఆరు విధాలుగా, మూడు హాల్ తీగలను ఆరు విధాలుగా కలపవచ్చు. మొత్తం 36 కలయికలు. వాటిలో సరైనవి ఆరు: మూడు ముందుకు తిప్పేవి, మూడు వెనక్కి తిప్పేవి. హాల్ తీగల వరుసను కదపకుండా ఉంచి ఫేజులను మాత్రం మారుస్తూ పోతే ఆరు ప్రయత్నాల్లో సరైనది తప్పక దొరుకుతుంది. దిశ వెనక్కి వస్తే రెండు హాల్ తీగలను మార్చి, మళ్లీ ఫేజుల వరుస వెతకాలి. పంపు మేస్త్రీ సూత్రానికి బండి మోటారులో అర్థం ఇదీ: ఫేజులతో పాటు ఆచూకీ తీగలూ మారాలి.

వెతికే పద్ధతి జాగ్రత్తగా ఉండాలి. చక్రం నేలకు తగలకుండా సెంటర్ స్టాండు మీద ఉండాలి. బ్యాటరీకి బదులు కరెంటును పరిమితం చేయగల పవర్ సప్లై వాడాలి, లేదా కంట్రోలరులో కరెంటు పరిమితిని బాగా తగ్గించాలి. యాక్సిలరేటర్ కొద్దిగా మాత్రమే తిప్పాలి. తప్పుడు కలయికల్లో కొన్ని చక్రాన్ని తిప్పుతాయి కూడా, కానీ శబ్దం గరుకుగా ఉంటుంది, ఖాళీగా తిరిగేటప్పుడే కరెంటు ఎక్కువ లాగుతుంది. తిరిగితే చాలదు. నున్నగా తిరగాలి, తక్కువ కరెంటుతో తిరగాలి.

మెట్ల నుంచి ఏటవాలుకు

మూడు హాల్ సెన్సార్లతో కంట్రోలరుకు రోటర్ ఏ 60 డిగ్రీల గదిలో ఉందో మాత్రమే తెలుస్తుంది. గదిలో ఎక్కడుందో తెలియదు. గది మధ్యలో ఉందనుకుంటే అంచుల దగ్గర 30 డిగ్రీల తప్పు. పాత తరహా కంట్రోలర్లు అలాగే ఆరు మెట్లలో కరెంటు మారుస్తాయి. బండి నడుస్తుంది కానీ ప్రతి మెట్టు దగ్గరా టార్క్ కుదుపుతుంది, మోటారు గుర్రుమంటుంది.

కరెంటును మెట్లలో కాక, తిరిగే కోణం వెంట నున్నగా నడిపించే పద్ధతికి ఫీల్డ్ ఓరియెంటెడ్ కంట్రోల్ అని పేరు. 1960ల చివర్లో, 1970ల మొదట్లో జర్మనీలో కె. హాసే, సీమెన్స్ సంస్థలో ఫెలిక్స్ బ్లాష్కే దీనికి పునాది వేశారు. మూడు ఫేజుల కరెంటును రోటర్ మీద కూర్చుని చూస్తే రెండే అంకెలుగా కనిపిస్తుంది: ఒకటి అయస్కాంతపు దిశలో, రెండోది దానికి 90 డిగ్రీల దిశలో. టార్క్ ఇచ్చేది రెండోది. మొదటిదాన్ని సున్నా దగ్గర ఉంచి, రెండోదాన్ని యాక్సిలరేటర్ అడిగినంత ఇస్తే చాలు. అప్పట్లో ఈ లెక్కకు పెద్ద పరికరాలు కావలసి వచ్చేవి. ఇప్పుడు కొద్ది వందల రూపాయల చిప్పు సెకనుకు వేల సార్లు చేస్తుంది. స్వీడన్ ఇంజనీరు బెంజమిన్ వెడర్ తన వెస్క్ కంట్రోలర్ రూపకల్పనను అందరికీ తెరిచి ఉంచాక, ఈ విద్య ఇళ్లలో పనిచేసే కుర్రకారు చేతికి కూడా అందింది. కానీ రోటర్ మీద కూర్చుని చూడాలంటే రోటర్ కోణం ప్రతి క్షణం తెలియాలి. లెక్క ఎంత గొప్పదైనా ఆచూకీ తప్పితే ఫలితం తప్పే.

హాల్ సెన్సార్లతోనే నున్నని కోణం రాబట్టే ఉపాయం ఒకటుంది. గత మెట్టు దాటడానికి ఎంత సమయం పట్టిందో కొలిచి, అదే వేగంతో కోణం పెరుగుతోందని ఊహించడం. బండి వేగం అందుకున్నాక ఇది చక్కగా పనిచేస్తుంది. ఆగి ఉన్న బండికి మాత్రం గత మెట్టు సమయం ఉండదు కాబట్టి కదిలే తొలి క్షణంలో ఊహ చేయలేం.

ఇంకాస్త మెరుగైనది, ఇరుసు చివర చిన్న అయస్కాంతం బిగించి ఎదురుగా కోణం చదివే చిప్పు పెట్టడం. అది పూర్తి చుట్టును వేల భాగాలుగా చదువుతుంది. బల్ల మీద చేసే ప్రయోగాలకు, చిన్న మోటార్లకు చాలా బాగుంటుంది. చీలికల చక్రం, కాంతి వాడే ఎన్‌కోడర్లు ఇంకా కచ్చితమైనవే గానీ, జమ్మలమడుగు నల్లరేగడి దుమ్ములో తిరిగే బండికి వాటి అద్దాలు తట్టుకోవు.

దుమ్మూ వేడీ లెక్కచేయని రిజాల్వర్

కారు మోటార్ల తయారీదారులు ఎక్కువగా ఎంచుకున్నది రిజాల్వర్‌ను. 1997లో వచ్చిన టయోటా ప్రియస్, 2010 చివర్లో వచ్చిన నిస్సాన్ లీఫ్ వంటి వాహనాల్లో అదే ఉంది. దానిలో చిప్పులు లేవు, అద్దాలు లేవు. ఇనుమూ రాగి చుట్టలూ మాత్రమే. ఒక చుట్టకు సెకనుకు కొన్ని వేల సార్లు ఊగే చిన్న ఏసీ వోల్టేజీ ఇస్తారు. ఒకదానికొకటి 90 డిగ్రీల దూరంలో అమర్చిన మరో రెండు చుట్టల్లో, రోటర్ కోణాన్ని బట్టి వోల్టేజీలు పుడతాయి. ఒకటి కోణపు సైన్‌ను, రెండోది కొసైన్‌ను అనుసరిస్తుంది. మొత్తం ఆరు తీగలు.

చదివే పద్ధతిలో అందం ఉంది. సైన్ చుట్ట 0.5, కొసైన్ చుట్ట 0.866 ఇచ్చాయనుకోండి. ఒకదాన్ని మరోదానితో భాగిస్తే 0.577 వస్తుంది, అది 30 డిగ్రీల టాన్. మోటారు వేడెక్కి రెండు వోల్టేజీలూ సగానికి పడిపోయినా, 0.25ను 0.433తో భాగిస్తే మళ్లీ 0.577 వస్తుంది. కోణం మారదు. రెండూ రుణ సంఖ్యలైతే కోణం 210 డిగ్రీలని గుర్తులే చెబుతాయి. బలాబలాలు మారినా నిష్పత్తి నిలుస్తుంది. పదో తరగతి త్రికోణమితి కారును నడుపుతున్న తీరు ఇది.

ఇందులో జాగ్రత్త పడాల్సింది రెండు చోట్ల. ఊగే వోల్టేజీ శిఖరానికి చేరిన క్షణంలోనే రెండు చుట్టలనూ కొలవాలి. సున్నా దాటే చోట కొలిస్తే మిగిలేది సందడి, అంటే నాయిస్ మాత్రమే. రెండోది, ఒక చుట్ట సంకేతం రెండోదానికన్నా పెద్దదైనా, సున్నా మధ్యగా లేకపోయినా కోణం ప్రతి చుట్టులోనూ ఒక లయలో ముందుకూ వెనక్కూ తప్పుతుంది. రోటరును మెల్లగా తిప్పుతూ రెండు సంకేతాల గరిష్ఠ, కనిష్ఠాలు రాసుకుంటే ఈ తేడాను సాఫ్ట్‌వేరులో సరిచేయవచ్చు. జర్మనీకి చెందిన యోహానెస్ హ్యూబ్నర్ మొదలుపెట్టిన ఓపెన్ఇన్వర్టర్ వంటి ప్రయత్నాలు, తుక్కుగా మారిన కార్ల మోటార్లను మళ్లీ నడిపించడంలో రిజాల్వర్ చదివే ఈ విద్యను బాహాటంగా పంచుకున్నాయి.

సందడి, ఆలస్యం

సెన్సారు సరిగానే చెబుతుంది, కంట్రోలరుకు తప్పుగా వినిపిస్తుంది. కారణం పక్కనే పారే వందల ఆంపియర్ల కరెంటు. కంట్రోలర్ దాన్ని సెకనుకు 16 వేలు, 20 వేల సార్లు ఆపి వదులుతుంది. ఆ కోత పక్కనున్న సన్నని సెన్సారు తీగల్లో దొంగ సంకేతాలు పుట్టిస్తుంది. ఖాళీగా బాగా తిరిగిన మోటారు, మనిషి ఎక్కి ఎత్తు ఎక్కేటప్పుడు జర్కు కొడితే ముందు అనుమానించాల్సింది దీన్నే.

మందు ఉంది. సెన్సారు తీగలను మెలిపెట్టి, ఫేజు తీగలకు దూరంగా నడపాలి. పైన జాలీ కప్పి, దాన్ని ఒక చివరే గ్రౌండు చేయాలి. సంకేతపు తీగ మీద రెసిస్టరు, కెపాసిటరు కలిపిన వడపోత పెట్టాలి. ఇక్కడే చాలామంది అతి చేస్తారు. వడపోత సందడిని ఆపుతుంది, సంకేతాన్ని కూడా ఆలస్యం చేస్తుంది. ఒక కిలో ఓము, 10 నానోఫారడ్ల వడపోత 10 మైక్రోసెకన్లు ఆలస్యం చేస్తుంది. 100 నానోఫారడ్లయితే 100 మైక్రోసెకన్లు. వినడానికి ఇది ఏ మాత్రమూ కాదు. కానీ అయిదు జతల ధ్రువాల మోటారు నిమిషానికి 6000 చుట్లు తిరిగేటప్పుడు విద్యుత్ కోణం సెకనుకు 1,80,000 డిగ్రీలు మారుతుంది. 10 మైక్రోసెకన్లలో 1.8 డిగ్రీలు, 100 మైక్రోసెకన్లలో 18 డిగ్రీలు. నిమిషానికి 600 చుట్లు తిరిగే 16 జతల హబ్ మోటారులో అదే 100 మైక్రోసెకన్లకు 6 డిగ్రీల లోపే. కాబట్టి ఒకరి బండికి కుదిరిన వడపోత మరొకరి బండికి కుదరకపోవచ్చు. తన మోటారు వేగంతో లెక్క వేసుకున్నాకే కెపాసిటరు ఎంచుకోవాలి. ఆలస్యం ఎంతో తెలిస్తే సాఫ్ట్‌వేరు వేగాన్ని బట్టి కోణాన్ని ముందుకు జరిపి సరిచేయగలదు.

హాల్ వరుస కూడా ఒక కాపలాదారే. 101 తర్వాత 100 రావచ్చు, వెనక్కి వెళితే 001 రావచ్చు. ఒక్కసారిగా 010 వచ్చిందంటే అది సందడి. అలాంటి దుముకులను తిరస్కరించమని ప్రోగ్రాములో రెండు వరుసలు రాస్తే చాలా జర్కులు మాయమవుతాయి.

సున్నా ఎక్కడ?

ఎన్‌కోడరైనా రిజాల్వరైనా తన సున్నాను తాను చెబుతుంది. అది అయస్కాంతపు సున్నాతో కలవాలన్న నియమం లేదు. ఆ తేడాను ఒకసారి కొలిచి కంట్రోలరులో రాసుకోవాలి. ఒక ఫేజులోకి కొద్దిపాటి డీసీ కరెంటు పంపి, మిగతా రెండింటి నుంచి బయటికి తీస్తే రోటర్ జరిగి ఆ క్షేత్రం దిశలో నిలుస్తుంది. అప్పుడు సెన్సారు చూపే కోణమే తేడా. రాపిడి వల్ల రోటర్ కాస్త ముందే ఆగిపోవచ్చు. అందుకని ఒకసారి ఎడమ వైపు నుంచి, మరోసారి కుడి వైపు నుంచి రానిచ్చి రెండింటి సగటు తీసుకోవాలి. ఆ తర్వాత ఖాళీ చక్రాన్ని ముందుకూ వెనక్కూ ఒకే వేగంతో తిప్పి చూడాలి. రెండు దిక్కులా లాగే కరెంటు సమానమైతే సున్నా కుదిరినట్టే.

అసలు సెన్సారే లేకుండా నడపలేమా? నడపగలం. తిరిగే అయస్కాంతం చుట్టల్లో పుట్టించే వోల్టేజీని చూసి కోణం కనుక్కోవచ్చు. బొమ్మ విమానాలు, అయస్కాంతాల రోటర్ ఉన్న ఫ్యాన్లు చాలావరకు అలాగే నడుస్తాయి. కానీ ఆ వోల్టేజీ వేగంతో పాటు పుడుతుంది, ఆగి ఉన్నప్పుడు ఉండదు. జమ్మలమడుగు నుంచి గండికోట కొండ ఎక్కుతూ ఇద్దరు కూర్చున్న బండి మధ్యలో ఆగి మళ్లీ కదలాలంటే, టార్క్ అత్యవసరమైన ఆ క్షణంలోనే ఈ పద్ధతి గుడ్డిదవుతుంది. బండికి సెన్సారు కావాలనడానికి ఇంతకన్నా పెద్ద కారణం అక్కర్లేదు.

మన దగ్గర ఈ విద్య

రోడ్డు నియమాలు కూడా తెలిసి ఉండాలి. 250 వాట్ల లోపు మోటారు, గంటకు 25 కిలోమీటర్ల లోపు వేగం, బ్యాటరీ కాక 60 కిలోలు మించని బరువు ఉన్న ద్విచక్ర వాహనాన్ని చట్టం మోటారు వాహనంగా లెక్కించదు. అంతకు మించిన దానికి రిజిస్ట్రేషన్ తప్పదు. పెట్రోలు బండిని విద్యుత్ బండిగా మార్చాలంటే ఆమోదం పొందిన కిట్టు, రవాణా శాఖ అనుమతి కావాలి. సొంత ప్రయోగం బల్ల మీద, స్టాండు మీద, కళాశాల ఆవరణలో చేసుకోవాలి. 60, 72 వోల్టుల బ్యాటరీ షార్టయితే పనిముట్టు కరిగిపోతుంది. బ్యాటరీ తీసేశాక కూడా కంట్రోలర్ లోపలి కెపాసిటర్లలో ఛార్జి మిగిలే ఉంటుంది.

మన ప్రాంతంలో ఈ విద్యకు కావలసిన మనుషులు ఇప్పటికే ఉన్నారు. చుట్టలు చుట్టి, చుట్ట కాలిన వాసన బట్టి రోగం చెప్పగల రివైండింగ్ మేస్త్రీలు బజారులో ఉన్నారు. పులివెందులలో 2006లో మొదలైన జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కళాశాల, ప్రొద్దుటూరులో యోగి వేమన విశ్వవిద్యాలయపు ఇంజనీరింగ్ కళాశాల, ఇడుపులపాయలో ట్రిపుల్ ఐటీ ఉన్నాయి. మైలవరం మండలంలో సౌర పలకలు ఎకరాల కొద్దీ పరుచుకుని కరెంటు పుట్టిస్తున్నాయి. మేస్త్రీకి చుట్టల గురించి తెలిసినంత విద్యార్థికి తెలియదు. విద్యార్థికి కొసైన్ గురించి తెలిసినంత మేస్త్రీకి తెలియదు. రోటర్ కోణం చదివే పనికి రెండూ కావాలి. పాత హబ్ మోటారు ఒకటి, మల్టీమీటరు ఒకటి, వీలైతే ఆసిలోస్కోపు ఒకటి పెట్టి ఇద్దరినీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెడితే, హాల్ సెన్సారు పోయిన మోటారును మొత్తంగా మార్చే ఖర్చు తప్పుతుంది. బండి నడిచే తీరు కూడా వాళ్లిద్దరికీ పూర్తిగా అర్థమవుతుంది. ఈ ప్రాంతపు కళాశాలలు తమ ప్రయోగశాలల తలుపులు బజారు మేస్త్రీలకు తెరవాలి. మేస్త్రీలు తమ అంగడి అరుగు మీద విద్యార్థులకు చోటివ్వాలి. బండ్లు ఎలాగూ వస్తున్నాయి. వాటిని బాగుచేసే తెలివి కూడా ఇక్కడే పెరగాలి.